పెళ్లి ఫొటోలో బెంగాలీ పేపరు

ఆ రోజుల్లో మగవాడికి ఫొటో తీయాలంటే పేచీ అంతా చేతులతోనే. ఆడవాళ్లకైతే పూలకుండీ ఉండేది, పైటకొంగు ఉండేది. మగవాడి చేతులు మాత్రం కెమెరాని చూడగానే ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు వేలాడిపోయేవి. అందుకే మా ఊరి ఖరిదా బజారులో స్టూడియో నడిపే బెంగాలీ దాదా ప్రతి మగవాడి చేతిలోనూ ఒక న్యూస్‌పేపరు పెట్టేవాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా తెలుగువాళ్ల ఇళ్లలో ఏ గోడ చూసినా ఒకాయన కాలు మీద కాలేసుకుని, కనుబొమలు ముడిచి, పేపరు చదువుతూ కనిపించేవాడు. కొత్తవాళ్లు చూస్తే ఈ దేశాన్ని మేమే నడుపుతున్నామనుకోవాలి. (రైళ్లు మా చేతుల మీదుగానే నడిచేవి కాబట్టి అందులో సగం నిజమే.)

నా ఉద్యోగం ఖాయమైన ఏడాది పార్వతీపురం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ అమ్మాయిని మా చిన్నాన్న కూతురి పెళ్లిలో అంతకుముందే చూశాను. భోజనాల దగ్గర పక్కవాడికి నేనొక కథ చెబుతున్నాను, మా వర్క్‌షాపు క్రేను పొరపాటున ఫోర్‌మన్‌గారిని కుర్చీతో సహా పైకెత్తేసిందని. నా విస్తట్లో పులిహోర వడ్డిస్తూ ఆ అమ్మాయి విన్నది. ముఖంలో నవ్వు లేకుండా "మరి ఆయన టీ ఒలికిపోయిందా?" అని అడిగి పక్క విస్తరికి వెళ్లిపోయింది. చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలని నాకు అక్కడే తేలిపోయింది.

వాళ్లు ఫొటో అడిగారు. ఖరిదా వెళ్లాను. "కాగొజ్ ధొరో, ముఖ్ గొంభీర్ కొరో!" అన్నాడు దాదా. పేపరు పట్టుకున్నాను, ముఖం గంభీరంగా పెట్టాను. చదివేవాడికి కనిపించేది లోపలి పేజీ, ఫొటో చూసేవాళ్లకి కనిపించేది బయటి పేజీ. ఈ చిన్న సంగతి నాకు తట్టలేదు.

పార్వతీపురం వాళ్లకి తట్టింది. ఒక ఆదివారం పూట ఆ అమ్మాయి మేనమామ ఖరగ్‌పూర్ పూరీ గేట్ పేటలోని మా ఇంట్లో దిగాడు. ఆయన ఈ ఊళ్లోనే రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషి. కాళ్లయినా కడుక్కోకుండా జేబులోంచి ఫొటో తీశాడు.

"ఏటి బాబూ, ఇదేటి?"

"పేపరు, మావయ్యా."

"పేపరని నాకూ తెల్సు. దాని మీదేటి రాసుంది?"

బెంగాలీ గలగలా మాట్లాడతాను, చేపల బజార్లో బేరానికి దిగితే దాదాలే దండం పెడతారు. చదవడానికి మాత్రం ఒక్క అక్షరం రాదు.

"పాత్రీ చాయ్ అని రాసుంది," అని ఆయనే చదివాడు.

మా అమ్మ ఊపిరి పీల్చుకుంది. "పాత్ర, చాయేనా! టీ కాసుకునే గిన్నెల ప్రకటనయ్యుంటది అన్నియ్యా. దానికోసరం ఇంత దూరం వొచ్చినావా?"

"గిన్నెలు కాదు సెల్లెమ్మా! పాత్రీ అంటే పెళ్లికూతురు. పెళ్లికూతురు కావాలని! మా పిల్లకి పంపిన ఫొటోలోనే నీ కొడుకు బెంగాలీ పిల్లని ఎతుక్కుంటన్నాడు!"

చదవడం వచ్చంటే నేను బెంగాలీ పిల్ల కోసం చూస్తున్నవాణ్ణి. రాదంటే ఆ కనుబొమల ముడి అంతా నాటకం. ఎటు చూసినా సంబంధం పోయేటట్టే ఉంది.

"నేను సదివింది లోపలి పేజీ మావయ్యా," అన్నాను.

"అయితే లోపలేటుంది?"

"మన ప్లాట్‌ఫారం ఇంకా పొడుగు చేస్తారట. ఈ చివర దిగినోడు ఆ చివరికెళ్లేసరికి గెడ్డం పెరిగిపోతందని, మజ్జిలో మంగలి షాపు కూడా పెడతారట." (ఆపదలో నా నోరు నన్ను అడగదు.)

"ఆ ప్లాట్‌ఫారం మీద నా సర్వీసంతా నడిసినాన్రా! నాకే సెప్తావా? ఏదీ, ఈ ఫొటోలో ఓ లైను సదువు, సూద్దాం."

"అచ్చరం ముక్క రాదు మావయ్యా. దాదా పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను."

"నిజంగా రాదా?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "బతికించినావు! సదువు రాకపోతే ఏటి, సర్దుకుంటాం," అని చెంబు అందుకుని కాళ్లు కడుక్కోవడానికి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "మంగలి షాపు మాట మా పిల్లకి సెప్పీమంటావా?" అన్నాడు.

"అదే ముందు సెప్పండి మావయ్యా."

పది రోజులకు ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. "పిల్లకి ఇష్టమేనట. మంగలి షాపు సరే, ఆడోళ్లకేటి పెడతారో కనుక్కోమంది."

పెళ్లయి వచ్చిన ఏడాదే ఆవిడ పక్కింటి దీదీ దగ్గర కూర్చుని బెంగాలీ అక్షరాలు నేర్చేసుకుంది. నేను ఇప్పటికీ నేర్చుకోలేదు. మా వీధిలో అందరూ వార్తలు ఫోన్లలోకి మార్చుకున్నా మా ఇంటికి మాత్రం ఒక బెంగాలీ పేపరు వస్తుంది. పొద్దున్నే ఆవిడ చదివి తెలుగులో చెబుతుంది, నేను వింటాను. మొన్నొక రోజు, పక్కనే హిజ్లీలో ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లు సైకిలుకి రెక్కలు కట్టారట, ఎగిరిందట గానీ బ్రేకులు మరిచిపోయారట. "నిజంగా అందులో ఉందా?" అన్నాను. "నాను అబద్ధమాడతానా?" అంది, పేపరు వెనక నుంచి. ముఖం కనబడలేదు. ఏది వార్తో, ఏది ఆవిడ సొంతమో తేల్చుకోవాలంటే ఈ వయసులో అక్షరాలు దిద్దుకోవాలి. ఆ పని మాత్రం నాకిష్టం లేదు. ఇంకో పేజీ తిప్పమంటాను.