పిట్ట ముట్టేదాకా

పిట్టలను తోలడం కూడా ఒక ఉద్యోగమేనా అని ఎవరైనా నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. విమానంలో కిటికీ పక్కన సీటు కోసం తగువు పడే పెద్దమనుషులకు ఏం తెలుసు? ఇంజన్లోకి ఒక్క గద్ద దూరితే చాలు, కిటికీ పక్కన కూర్చున్నవాడూ నడవ పక్కన కూర్చున్నవాడూ ఒకటే. శంషాబాద్ విమానాశ్రయంలో మా జంగన్న చేసిన పని పిట్టలను తోలడమే. జీపులో తిరుగుతూ, రన్‌వే పక్క గడ్డిలో వాలే కొంగలను, తీతువులను, గద్దలను పటాకలు పేల్చి వెళ్లగొట్టేవాడు. చేతిలో పటాక లేనప్పుడు చప్పట్లు కొట్టి అరిచేవాడు.

జంగయ్య మా వాడకట్టు మనిషి, వరసకు నాకు అన్న. ఊరి చౌరస్తాలో నాకు ఫోన్ రీచార్జి దుకాణం ఉంది కాబట్టి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరు మానేశారో ఊరికంటే కొంచెం ముందే నాకు తెలుస్తుంది. జంగన్న ఫోన్ కొన్నాక కూడా మాట్లాడింది తక్కువే. వచ్చిన ఫోన్ ఎత్తి, అవతలివాళ్లు చెప్పింది విని, "కానియ్" అని పెట్టేసేవాడు.

ఎప్పుడూ ఇట్లాగే ఉండేవాడని కాదు. చిన్నప్పుడు వాళ్ల జొన్నచేలో మంచె ఎక్కి పాటలు పాడేవాడు, పెళ్లిళ్లలో వియ్యంకులను ఆట పట్టించేవాడు. తరవాత ఆ చేను విమానాశ్రయానికి పోయింది. ఊరంతా ఏడ్చింది, తిట్టింది, రోడ్డు మీద బైఠాయించింది. జంగన్న గట్టు మీద నిలబడి చేను ఒకసారి కలియజూసి "కానియ్" అన్నాడు. మాటలు తగ్గడం అక్కడ మొదలైంది.

అబద్ధం ఎందుకు, 2008లో మొదటి విమానాలు దిగినప్పుడు మేమంతా మేడలెక్కి చూసి సంబరపడ్డాం. మెహదీపట్నం నుంచి అరాంఘర్ దాకా పైవంతెన పడింది. ఒకప్పుడు సిటీకి పోవాలంటే సద్ది కట్టుకుని బయలుదేరేవాళ్లం. ఇప్పుడు సిటీయే చెప్పులు విడవకుండా మా ఇళ్లలోకి వచ్చింది. ఆదివారం సాయంత్రాలు సిటీ జనం కార్లేసుకుని వచ్చి, మా రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీలు తింటూ, దిగే విమానాలను పిల్లలకు చూపిస్తారు. మా పిల్లలకు కొలువులు దొరికాయి. అదే సమయంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల వెంట బిందెలతో పరుగెత్తడమూ నేర్చుకున్నాం. గగన్‌పహాడ్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, సొంత ఊరికి చేరలేక తిట్టుకోవడమూ నేర్చుకున్నాం. తుక్కుగూడ వైపు మేకలను తోలుకుపోయేవాడు కూడా రింగు రోడ్డు కింద సందు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

ఈ మార్పు బాగా అచ్చొచ్చిన మనిషి మా ఊళ్లో ఒకరే, జంగన్న భార్య ముత్తమ్మ. ఆమెకు సిటీ అంటే ప్రాణం. ఇంటి వెనక రెండు గదులు వేయించి, కట్టడం పనులకు వచ్చిన ఒరియా పిల్లలకు కిరాయికి ఇచ్చింది. మొదట వాళ్లతో సైగలు చేసి, తరవాత తనదైన హిందీ ఒకటి తయారు చేసుకుంది. గాజులు కావాలంటే బస్సెక్కి చార్మినార్ పోయేది. కూతురు మంజులను కాటేదాన్‌లో ఒక బిస్కెట్ల కార్ఖానాలో ప్యాకింగ్ పనికి కుదిర్చింది ఆమే. కొడుకు జీవన్ క్యాబ్ నడుపుతానంటే లైసెన్సు ఆఫీసు చుట్టూ తిరిగిందీ ఆమే. మొగుణ్ని ఆ పటాకల పనిలో చేర్పించిందీ ఆమే. ఇంట్లో ఇద్దరి మాటలూ తానే మాట్లాడేది. "మా ఆయనకు పిట్టల్ని తోలుడే కాదు, మాటల్ని తోలుడు గూడ వచ్చు" అని నా దుకాణం ముందు నిలబడి నవ్వేది.

ఆ పని జంగన్నకు సరిపోయిందనే చెప్పాలి. డ్రెస్సు వేసుకుని పోయేవాడు, వచ్చి స్నానం చేసి తినేవాడు, టీవీ ముందు కూర్చునేవాడు. టీవీలో ఏం వస్తున్నదో అడిగితే చెప్పలేడు. పటాకల మోతకు చెవులు కూడా కొంత మందగించాయి. ఒకసారి నా దుకాణానికి వస్తే అడిగాను, నీ చేను మీదనే దినాం తిరుగుతుంటావు కదా, మనసుకు ఏమీ అనిపించదా అని. రీచార్జి పైసలు లెక్కపెడుతూ జవాబు చెప్పాడు.

"మొదట్ల అనిపిచ్చేది తమ్మీ. ఇప్పుడేం అనిపియ్యదు. అన్నం గూడ గట్లనే తింటున్న."

నేను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉండవలసిందేమో కానీ, గిరాకీ ఉండింది.

2013 వానాకాలంలో ముత్తమ్మ పోయింది. కడుపులో నొప్పిని చాన్నాళ్లుగా ఎవరికీ చెప్పకుండా, పుదీన మాత్రలతో నెట్టుకొచ్చిందని దవాఖానలో చేరాకగానీ ఇంటివాళ్లకు తెలియలేదు. అప్పటికే చేయి దాటిపోయింది. అందరి మాటలూ మాట్లాడే మనిషి తన నొప్పి మాట ఒక్కటి మాట్లాడలేదు.

జంగన్న ఏడవలేదు. శవం దగ్గర కూర్చోమంటే కూర్చున్నాడు, లేవమంటే లేచాడు, మట్టి వేయమంటే వేశాడు. పెళ్లాం పోతే కంట్లో చుక్క రాలలేదు, మనిషా బండరాయా అని ఆడవాళ్లు వినబడేలాగే అనుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ కోపం వచ్చింది. అంత కలుపుగోలు మనిషి పోతే, కట్టుకున్నవాడికి ఒక్క కన్నీటి చుక్క కరువా అనుకున్నాను.

మూడోనాడు పిట్టకు పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, పాతిపెట్టిన బొంద దగ్గర విస్తరిలో పెట్టి, దూరంగా కూర్చుని చూస్తాం. పోయినవాళ్లే కాకి రూపంలో వచ్చి తింటారని నమ్మకం. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని, ప్రాణం ఇంకా ఇక్కడే కొట్టుమిట్టాడుతున్నదని లెక్క. అప్పుడు చుట్టాలు ఒక్కొక్కరే లేచి మాట ఇస్తారు. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు ముద్ద ముట్టరు.

మా పాత బొందలగడ్డ విమానాశ్రయం లోపలికి పోయింది. కొత్తది ఆ గోడను ఆనుకునే ఉంది. మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు, పక్కన కల్లు పెట్టి మేము వేపచెట్టు కింద కూర్చున్నాం. గోడ అవతల ఢామ్మంది. దూరంగా తిరుగుతున్న రెండు కాకులు మా వైపు రాకుండానే మళ్లిపోయాయి. కాసేపటికి మళ్లీ ఢామ్మంది. గోడ వెనక జంగన్న దోస్తు మల్లేశ్వర్ డ్యూటీలో ఉన్నాడు. జంగన్న రోజూ చేసే పనే ఆ రోజు అతను చేస్తున్నాడు.

పొద్దెక్కింది. అన్నం మీద ఈగలు తప్ప ఏమీ వాలలేదు. ముత్తమ్మ అన్న రామచంద్రయ్య లేచి బొంద దగ్గరకు పోయి, చెల్లె పిల్లలను తన పిల్లల లెక్క చూసుకుంటానని మాట ఇచ్చాడు. పిట్ట రాలేదు. బండి మెల్లగా నడుపుతానని, తాగనని జీవన్ ఏడుస్తూ మాట ఇచ్చాడు. రాలేదు. బాపును విడిచిపెట్టి ఎక్కడికీ పోనని మంజుల అన్నది. గోడ అవతల మళ్లీ పేలింది.

రామచంద్రయ్యకు చిర్రెత్తుకొచ్చింది. మీవాళ్లే కదా, ఒక్క గడియ ఆపమని చెప్పలేవా అని బావ మీద విరుచుకుపడ్డాడు. ఆపితే విమానంలో ఉన్నవాళ్లు ఏం కావాలి అన్నాడు జంగన్న, తన ఇంటి విషయం కానట్టే. ఇట్లా కాదని నేనే మల్లేశ్వర్‌కు ఫోన్ చేశాను. వరసగా దిగే విమానాలు ఉన్నాయని, వాటిని ఆపడం తన చేతిలో లేదని, అవి దిగాక కొంచెం సందు దొరుకుతుందని, అప్పుడు పటాక ముట్టనని చెప్పాడు. ఎదురుచూశాం. మూడు విమానాలు మా తలల మీదుగా దిగాయి. ఆ తరవాత గోడ అవతల సద్దుమణిగింది.

అయినా పిట్ట రాలేదు. అందరి చూపూ జంగన్న మీదికి తిరిగింది. మాట ఇవ్వనిది ఆయనొక్కడే.

"నువ్వు గూడ ఒక్క మాటియ్యి బావా. ఏం కావాల్నో దానికి నీకంటె ఎవనికి ఎరుక?" అన్నాడు రామచంద్రయ్య.

జంగన్న లేచి బొంద దగ్గరకు పోయి, మట్టి వైపు చూస్తూ నిలబడ్డాడు. మెల్లగా మాట్లాడితే తనకే వినబడదు కాబట్టి గట్టిగానే అన్నాడు.

"నీకేం కావాల్నో నాకెరుక లేదు ముత్తమ్మా. నువ్వు చెప్పలె, నేను అడగలె. నొప్పి లేసిందా అని గూడ నేను అడగలె."

అంతే. మాట ఇవ్వనే లేదు. వచ్చి మంజుల పక్కన కూలబడ్డాడు. ఇదేం మాట, పోయినదాని దగ్గర ఇట్లానా మాట్లాడేది అని రామచంద్రయ్య సణుగుతుండగానే, గోడ మీద కాకి వాలింది. కాకి మట్టి మీదికి దిగింది, రెండు గంతులు వేసింది, విస్తరి దగ్గర మెడ వంచింది.

జంగన్న రెండు చేతులూ పైకి లేచాయి. చప్పట్లు కొట్టి, గొంతు చించుకుని, "హోయ్!" అని అరిచాడు.

కాకి ఎగిరిపోయింది.

తిట్టడానికి నోరు తెరిచిన రామచంద్రయ్య ఆయన ముఖం చూసి నోరు మూసుకున్నాడు. జంగన్న తన చేతులను తానే చూసుకుంటున్నాడు. పిట్ట వాలితే ఆ చేతులు లేవడానికి ఇన్నేళ్లుగా ఆయన అనుమతి అక్కర్లేదు. కన్నీటి చుక్క కరువా అని నేను అనుకున్న మాట నాకే గుచ్చుకుంది. ఆయన మంజుల వైపు తిరిగాడు.

"నేను కావాలని చెయ్యలె బిడ్డా. చేతులు అవే లేసినయ్."

"నాకెరుకే బాపు. చేతులు గిటియ్యి" అన్నది మంజుల.

ఆయన రెండు చేతులూ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, వాటి మీద తన చేతులు పెట్టి గట్టిగా అదిమి పట్టుకున్నది. అట్లాగే కూర్చున్నాం. కాకి గోడ మీద అటూ ఇటూ నడిచింది, ఎగిరింది, మళ్లీ వచ్చింది. అది మట్టి మీద కాలు పెట్టగానే జంగన్న భుజాలు ఎగిరిపడ్డాయి. మంజుల తన బరువంతా వేసి పట్టుకున్నది. కాకి అన్నంలో ముక్కు పెట్టింది, ఒక ముక్క కరుచుకుని పోయింది.

ముట్టింది, ముట్టింది అని ఆడవాళ్లు దండాలు పెట్టారు. రామచంద్రయ్య తువ్వాలతో ముఖం తుడుచుకుని, ఇగ లేవండి, పిల్లలు ఆకలితో ఉన్నారు అన్నాడు. జీవన్ చాప చుట్టాడు. మంజుల కూడా లేవబోతూ తండ్రి చేతులు వదిలింది. ఆయన లేవలేదు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారి మీసాల మీదుగా గడ్డం దాకా వస్తున్నాయి, తుడుచుకోవడం లేదు. వదిలిన చేతులు రెండూ మళ్లీ కూతురి వైపు చాచాడు.

"ఇంక జరసేపు పట్టుకో బిడ్డా" అన్నాడు.