సగం మామయ్య

ఆ మామయ్యకి ఎవరి మాటా పూర్తిగా వినే అలవాటు లేదు. సగం వినగానే "చాలు, అర్థమైంది" అని లేచిపోతాడు. మిగతా సగం నలుగురినీ తలా ఒక ముక్క అడిగి పూరించుకుంటాడు. అందుకే చుట్టాలంతా ఆయన్ని సగం మామయ్య అంటారు.

అత్తయ్య పక్కింటావిడతో పోట్లాడొచ్చి ఆ కథ ఎత్తుకుంటే, గొడవ మంచి పట్టులో ఉండగానే ఈయన చెప్పులేసుకుని వెళ్లిపోయేవాడు. వాచ్‌మన్‌ని కాస్త, ఎదురింటి ముసలావిడని కాస్త అడిగొచ్చి తప్పెవరిదో తేల్చేవాడు. తీరా చూస్తే ఆయన చెప్పిందే నిజం. అత్తయ్యకి ఒళ్లు మండేది అక్కడే.

ఆయన ఆసుపత్రిలో ఎమ్మారై స్కానింగ్ ఇంజనీరు. తలకి తొడిగే కొత్త హెల్మెట్టు ఒకటి తయారుచేశాడు. దాని లోపల చుట్టూ చిన్న చిన్న కాయిల్స్, అంటే తీగచుట్టలు. ఒక్కోటీ తలలో తన పక్కనున్న చోటి సంగతే బాగా వింటుంది. అన్నీ కలిసి వింటాయి కాబట్టి మెషిను బొమ్మకి కావలసిన వరసలన్నీ తీయక్కర్లేదు. ఒకటి విడిచి ఒకటి తీసి, మిగతావి కాయిల్స్ విన్నదాన్నిబట్టి లెక్కగట్టి పూరిస్తుంది. స్కాన్ సగం టైములో అయిపోతుంది. చివరికి మెషిన్ని కూడా తనలాగే చెడగొట్టాడని అత్తయ్య తేల్చేసింది.

మేనకోడలికి మాత్రం నవ్వొచ్చే పరిస్థితి లేదు. కొన్నాళ్లుగా తలనొప్పి, ఒక కన్ను మసక. స్కాన్ చూడందే మందు రాయనన్నాడు డాక్టరు. ఇదివరకు వేరేచోట రెండుసార్లు ఆ మెషిను సొరంగంలో పడుకుని, మధ్యలోనే బెల్లు నొక్కి బయటపడింది. ఈసారీ పారిపోతే కన్ను ఏమైపోతుందోనని భయం. ధైర్యం కూడగట్టుకుని మామయ్యకి ఫోన్ చేసింది.

"మామయ్యా, అందులో పడుకున్నానంటే నాకు..."

"చాలమ్మా, అర్థమైంది," అని పెట్టేశాడు.

ఆమెకి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఈ ఒక్కసారైనా వినొచ్చుగా అనుకుంది.

స్కాన్ రోజున వెళ్లి పడుకుంది. హెల్మెట్టు మొహం మీదికి దిగింది. దానికి తగిలించిన చిన్న అద్దంలో గాజు కిటికీ అవతలున్న భర్త కనిపించాడు. మెషిను దడదడలాడింది. ఊపిరాడలేదు. బెల్లు నొక్కబోతుంటే ఎవరో ఆమె కాలి బొటనవేలు పట్టుకున్నారు. చిన్నప్పుడు అమ్మ అలా పట్టుకుంటేగానీ ఆమె నిద్రపోయేది కాదు. వేలు బెల్లు మీదే ఆగింది.

"అయిపోయింది, లే," అన్నాడు మామయ్య, బొటనవేలు వదిలి.

"అప్పుడేనా? సగమే తీశావా?"

"సగమే. మిగతాది అడిగి పూరించాం."

నరం దగ్గర వాపేననీ, మందులతో తగ్గుతుందనీ డాక్టరు చెప్పాక ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు నోరు జారింది అమ్మ. ఆ ఫోన్ పెట్టేసిన వెంటనే మామయ్య అందరినీ అడిగాడట. చిన్నప్పుడు ఆమె దాగుడుమూతల్లో బీరువాలో ఇరుక్కున్న సంగతి అన్నయ్య చెప్పాడు. మనిషి కనబడుతుంటే ధైర్యంగా ఉంటుందని భర్త చెప్పాడు. బొటనవేలి సంగతి అమ్మదే. "అంత భయాన్నీ దాని నోటితోనే చెప్పించడం ఎందుకు?" అన్నాడట.

ఆ సాయంత్రం ఆమె నేరుగా మామయ్య ఇంటికెళ్లి, ఆయన కుర్చీ ముందు కింద కూర్చుంది. "ఇప్పుడు భయం లేదు, మొత్తం చెబుతాను," అని బీరువా దగ్గర మొదలుపెట్టింది. సగానికి రాగానే ఆయన అలవాటుగా లేవబోయాడు. ఆమె చప్పున ఆయన కాలి బొటనవేలు పట్టుకుంది. ఆయన మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

అత్తయ్య గబగబా కుర్చీ లాక్కుని వచ్చింది.

"వదలకే తల్లీ. నీదయ్యాక పక్కింటావిడ గొడవ ఉంది, మొదటి నుంచీ చెప్పాలి."