మల్లేశన్న తీసిన గేటు

మింగలేక, కక్కలేక ఇన్నేళ్లు గొంతులోనే పెట్టుకుని తిరుగుతున్న మాట ఒకటుంది. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. మీకు చెప్తున్నా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే నోరు పెగుల్తోంది. కొత్త నంబరు నుంచి ఫోనొస్తే నేనిప్పటికీ ఎత్తను. రోడ్డు మీద పోలీసాయన చెయ్యి అడ్డం పెడితే, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా సరే, నా కోసమే వచ్చాడనుకుంటాను.

మాది కడప పక్క. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. నాకు నోరెక్కువ, కోపమెక్కువ, నేనెప్పుడూ కరెక్టే అన్న నమ్మకం ఇంకా ఎక్కువ. ఆ నమ్మకమే ఇంకొకరి కొంప ముంచింది.

మా ఆఫీసు బేస్‌మెంట్‌లో బండ్లు చూసుకునే సెక్యూరిటీ ఆయన్ను మల్లేశ్ అందాం. అసలు పేరు రాసే ధైర్యం లేదు. ఊరు మెదక్ వైపు. చందానగర్‌లో కిరాయి గదిలో పెళ్లాం పిల్లల్తో ఉండేవాడు. మా బేస్‌మెంట్‌లో చోటు తక్కువ, బండ్లు ఎక్కువ. ఒకదాని వెనక ఒకటి ఇరికించేవాళ్లం. వెనకది బయటికి రావాలంటే ముందున్నవి జరపాలి కదా, అందుకని రోజూ వచ్చేవాళ్లమంతా రెండో తాళం మల్లేశన్న దగ్గరే ఉంచేవాళ్లం. ఆయన కుర్చీ వెనక గోడకు మేకులుండేవి, వాటికి వేలాడుతుండేవి. ఎవరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. మరి ఆ నమ్మకం ఒక్క పూటలో ఎట్లా పోయింది?

ఆ రోజు మా టీమ్ లీడ్ పుట్టినరోజు. కేక్ తెచ్చే పని నాది. మధ్యాహ్నం స్కూటరేసుకుని దగ్గర్లోని మాల్‌కు పోయాను. కింద పార్కింగ్‌లో పెట్టి, కొవ్వొత్తులు మర్చిపోతానేమోనని ముందు అవి కొని డిక్కీలో వేసి, మళ్లీ పైకి పోయి కేక్ తీసుకున్నాను. బయట చూస్తే వాన దంచుతోంది. మా టీమ్ అమ్మాయి కారులో అక్కడే కనిపించింది. కేక్ తడుస్తుందని ఇద్దరం కార్లోనే ఆఫీసుకు వచ్చేశాం. కొవ్వొత్తుల్లేకుండానే కేక్ కోశారు, అందరూ నన్ను ఆటపట్టించారు. సాయంత్రానికి రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు. ఆఫీసు క్యాబ్ ఎక్కి బాచుపల్లిలో ఇల్లు చేరాను. బండి ఆఫీసులో ఉందిలే, వాన తగ్గాక తెచ్చుకోవచ్చు అనుకున్నాను. చూశారా? మాల్‌కు బండి మీద పోయిన సంగతి అప్పటికే బుర్రలోంచి జారిపోయింది. తర్వాత కొన్నాళ్లు ఇంటి నుంచే పని. మళ్లీ ఆఫీసుకు పోయి చూస్తే బేస్‌మెంట్‌లో బండి లేదు.

నానా యాగీ చేసి పోలీస్ స్టేషన్‌కు పోయాను.

పోయిన బండిని వాళ్లెట్లా వెతుకుతారో అప్పుడే తెలిసింది. ఆర్‌సీ కాపీ తీసుకున్నారు. నంబర్ ప్లేటు మార్చినా పట్టుకోవచ్చని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రాసుకున్నారు. బేస్‌మెంట్ కెమెరా చూశారు, పాత రికార్డింగ్ అప్పటికే చెరిగిపోయింది. రోడ్డు కెమెరాలకు నా బండి నంబరు ఎక్కించారు, ఏ చౌరస్తా దాటినా తెలిసిపోతుందట. అన్నీ అయ్యాక ఎస్సై అడిగాడు, తాళాలు రెండూ ఉన్నాయా అని. ఒకటి నా దగ్గర, ఇంకోటి సెక్యూరిటీ మల్లేశ్ దగ్గర అన్నాను. అంతే, మల్లేశన్నను పిలిపించారు.

ఆ ఎస్సై గొంతు పెంచే మనిషి కాదు.

“మేడం, జర యాది చేసుకోండ్రి. ఏడనన్న పెట్టి మర్చిపోయిండ్రా? మొన్నొకాయన గిట్లనే వచ్చి లొల్లి లొల్లి చేసిండు. బండి చూస్తే వాళ్ల అత్తగారింటి ముందల్నే ఉంది.”

“నేనేమన్నా పిచ్చిదాన్నా సార్?”

గోడ పక్కన నిలబడ్డ మల్లేశన్న టోపీ చేతుల్లో నలుపుతూ అన్నాడు. “సార్, వాన పడ్డ దినం పగటిపూట మేడం బండేసుకొని బయటికి పోయింది. గేటు నేనే తీసిన. మళ్ల వచ్చుడైతే నేను చూడలే.”

“అబద్ధం సార్! నేను బండి మీద యాడికీ పోలేదు. తాళం తన దగ్గర పెట్టుకుని నా మీద చెప్తాడేంది?”

మల్లేశన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. “యాది చేసుకో మేడం” అన్నాడు, చిన్నగా.

ఆ క్షణంలో నాకు గుర్తొచ్చిందా? ఎన్నిసార్లు అడుక్కున్నానో నన్ను నేను. గుర్తు రాలేదనే చెప్పుకుంటూ వచ్చాను. కానీ లోపల ఎక్కడో ఏదో కదిలింది, వాన చప్పుడో, కేక్ డబ్బానో, ఏదో ఒకటి, దాన్ని పట్టుకుని లాగితే మొత్తం బయటికొచ్చేదే. లాగలేదు. అప్పటికే గట్టిగా అరిచేశాను కదా, ఇప్పుడెట్లా తగ్గేది? చుట్టుపక్కల పార్కింగులన్నీ ఒకసారి తిరిగొద్దాం రండి మేడం అని కానిస్టేబుల్ కూడా పిలిచాడు. నాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజుంది, మీరు ముందు దొంగను పట్టుకోండి అన్నాను. నేను బండి బయటికి తీయలేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను.

మల్లేశన్నను రోజూ స్టేషన్‌కు పిలిచి కూర్చోబెట్టారు. గది వెతికారు. పాత బండ్లు విప్పి పార్టులమ్మే షాపులకని బాలానగర్ తీసుకుపోయి, ఈ మనిషిని ఎప్పుడన్నా చూశారా అని ప్రతి షాపులోనూ అడిగారట. ఎవరూ చూశామనలేదు. సాక్ష్యం లేదని కేసు పెట్టలేదు. కానీ సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు డ్యూటీలోంచి తీసేశారు.

కొన్నాళ్లకు టీమ్‌లో ఇంకొకరి పుట్టినరోజొచ్చింది. క్యాబ్‌లో అదే మాల్‌కు పోయాను. పైన లిఫ్ట్ దగ్గర రద్దీగా ఉంటే, కింది నుంచి ఎక్కుదామని పార్కింగ్‌లోకి దిగాను. స్తంభం పక్కన నా బండి. దుమ్ము పట్టి, నేను పెట్టినట్టే ఉంది. అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

తాళం నా బ్యాగులోనే ఉంది. కానీ బండి తీస్తే ఎట్లా పోయేది? చౌరస్తా దాటకముందే కెమెరాకు దొరికిపోతాను. స్టేషన్‌కు పోయి చెప్తే? సంతకం పెట్టి మరీ అబద్ధం చెప్పావని నా మీదే కేసు పెడితే? అప్పుడే వేరే కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది, నా పాత సంగతులన్నీ ఆరా తీస్తున్నారు. పోలీసు కేసని తెలిస్తే నన్ను తీసుకుంటారా? అక్కడ నిలబడి ఇవన్నీ ఆలోచించాను. మల్లేశన్న గురించి మాత్రం ఆలోచించలేదు. నిజం చెప్తున్నా, ఆ పూట ఆయన ముఖం కూడా గుర్తు రాలేదు నాకు. భయం మనిషినింత నీచంగా చేస్తుందా? లేక ముందునుంచీ నేనింతేనా? బండినట్లాగే వదిలేసి, కేక్ కొనుక్కుని వచ్చేశాను.

ఆ తర్వాత నిద్ర లేదు. ఫోన్ మోగితే చాలు, పోలీసులే అనుకునేదాన్ని. చివరికి ఒకరోజు స్టేషన్ నుంచే మోగింది. ఎవరూ తీసుకుపోని బండి ఉందని మాల్ వాళ్లు చెప్తే, ఛాసిస్ నంబరు పోల్చి చూసుకున్నారట. పోయాను. మాల్ పార్కింగ్‌లోనే కానిస్టేబుల్ డిక్కీ తెరిచాడు. లోపల రంగురంగుల కొవ్వొత్తుల ప్యాకెట్.

“ఇవి మీవేనా మేడం?” అన్నాడు ఎస్సై.

“కాదు సార్.”

ఆయన ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి, నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది. తర్వాత ప్యాకెట్ పక్కన పెట్టి, “ఆ మల్లేశే భయపడి ఈడ పడేసిపోయిండేమో” అన్నాడు. నమ్మే అన్నాడా, నేనేమంటానో చూద్దామని అన్నాడా? ఆ మాటకు కాదు అంటే సరిపోయేది. అవునన్నట్టు తల ఊపాను.

ఉన్న బండి దొరికి, లేని దొంగతనం మల్లేశన్న మీద ఖాయమైంది. ఆ తర్వాత మా ఏరియాలో ఎవరి బండి పోయినా ముందు ఆయన్నే పిలిచేవాళ్లని మిగతా సెక్యూరిటీ వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ధైర్యం చేసి చందానగర్ పోయేసరికి గది ఖాళీ. ఆయన ఎక్కడికి పోయాడో ఇంటి ఓనరుకు కూడా తెలీదు. నిజం చెప్పు, ఆ మాట వినగానే నీకు బాధేసిందా, ఊపిరి తేలికైందా అని నన్ను నేనే అడుక్కున్నాను. రెండోదే ముందు.

స్కూటర్ అమ్మేశాను. కొత్త కంపెనీలో చేరాను. అక్కడ పుట్టినరోజుకు ఎవరైనా కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఏదో వంక చెప్పి బయటికొచ్చేస్తాను.

మీరు నన్ను క్షమించక్కర్లేదు. క్షమించాల్సింది మీరు కాదు, మల్లేశన్న. ఆయన యాడున్నాడో నాకు తెలీదు. ఆ రోజు స్టేషన్‌లో చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్నా, కనీసం ఒక్కరైనా వినండి. మల్లేశన్న చెప్పింది నిజం. వాన పడ్డ రోజు మధ్యాహ్నం నేనే బండేసుకుని బయటికి పోయాను. గేటు ఆయనే తీశాడు. యాడికి మేడం అంటే, కేక్ తేవడానికి మల్లేశన్నా, నీకూ ఒక ముక్క తెస్తాలే అన్నాను.