చెయ్యెత్తితే ఆగిపోయాను

మాది రాజపాళయం. సేత్తూరు రూట్లో షేర్ ఆటో నడుపుతాను. సెలవు దొరికితే మధురై వెళ్లి గో-కార్ట్ అనే బుల్లి రేసుకారు తోలడం నా పిచ్చి. పోయినేడు అక్కడ మాలాంటి సరదా రేసర్లకే ఒక పోటీ పెట్టారు. చూస్తానని అమ్మ కూడా నాతో వచ్చింది.

ఆఖరి రౌండు దాకా అందరికన్నా ముందు నేనే. ఇక కప్పు నాదే అనుకున్నాను. చివరి మలుపు తిరగ్గానే, కంచె అవతల అమ్మ సంబరం పట్టలేక చెయ్యెత్తి ఊపుతూ కనిపించింది. అంతే! నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. బండి ఓరకు తీసి సరిగ్గా ఆమె ముందు ఆపాను. "జరిగి కూసోండి" అంటూ వెనక్కి తిరిగాను కూడా. అక్కడ వెనక సీటే లేదు!

అంతలో వెనకొస్తున్న కార్ట్ నన్ను వెంట్రుకవాసిలో తప్పించుకుని దూసుకుపోయింది.

"అయ్యయ్యో, ఏంటికిరా నిలిపినావు? అందరూ పోతుండారు, పోరా!" అని అమ్మ ఒకటే కేకలు.

నేను తేరుకుని కదిలేసరికి అందరూ గీత దాటేశారు. నాది ఆఖరి స్థానం.

తిరుగు బస్సులో నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే, అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"పోనీరా. నిలవకుండా పోయినోళ్లకి కప్పు ఇచ్చినారు. నువ్వు నిలిచేదాన్నుంచే కదా మనింట్లో కుండెడు సోరు ఉడికేది!"

ఇప్పటికీ దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపుతాను. కాకపోతే, వెనక సీటు ఉందో లేదో ఒకసారి చూసుకుంటాను.