కోదాడకు మూడో బస్సు

ముందే చెప్తున్నా, కొంచెం నవ్వొస్తుంది. నవ్వుకోండి. తాత చావుకు కొత్త చొక్కా తొడుక్కొని, మామిడిపండ్ల గంప నెత్తిన పెట్టుకొని పోయిన మనవడు మన సూర్యాపేట మొత్తంలో ఒక్కడే ఉంటాడు. వాడిప్పుడు మీ ముందర కూర్చొని చాయ తాగుతున్నాడు.

బడికి ఎండాకాలం సెలవులు. మరునాడు అమ్మా నేనూ కోదాడకు, తాతగారింటికి బయలుదేరాలి. ఏటా పోయేదే. గంప కట్టి సిద్ధంగా ఉంది. బాపు పని మీద పైఊరికి పోయి ఉన్నాడు. ఆ పొద్దున ఎనిమిదిన్నరకు కోదాడ నుంచి వచ్చిన బస్సు క్లీనర్ మా గుమ్మం ముందు నిలబడి, "మీ తాత తెల్లారుజామున పోయిండు. అమ్మను తోలుకొని రమ్మన్నడు మీ మామ" అని చెప్పి, మజ్జిగ తాగి పోయాడు.

అమ్మ గుండె బాదుకుంటూ కూలబడింది. నేను కూలబడలేదు. లెక్కేశాను.

ఎందుకంటే రెండేళ్ల కింద అచ్చం ఇదే జరిగింది. తాతను కాకి తన్నింది. కాకి నెత్తి మీద తంతే ప్రాణగండమనీ, మనిషి పోయినట్టు దొంగకబురు పంపి అయినవాళ్లను ఏడిపిస్తే ఆ గండం తప్పుతుందనీ మనోళ్ల నమ్మకం కదా. అప్పుడు అమ్మ బస్సులో తొవ్వంతా ఏడ్చింది. తీరా దిగితే తాత అరుగు మీద కూర్చొని మామిడిటెంక చీకుతున్నాడు. బాగా ఏడ్చినవా బిడ్డా అని అడిగాడు కూడా.

ఇప్పుడూ అదే కాలం, అదే బస్సు, అదే క్లీనర్, అదే 'తెల్లారుజామున'. నాలుగుకు నాలుగు కలిశాయి. పైగా వాడి కంట్లో నీటిచుక్క లేదు. ఉరికిపోయి వాడినే అడగొచ్చు కదా అంటారు. ఏం లాభం? వినేవాళ్లు ఏడ్చేదాకా గుట్టు విప్పొద్దనేదే పద్ధతి. నిజమైనా నిజమే అంటాడు, అబద్ధమైనా నిజమే అంటాడు.

ఇదంతా అమ్మకు విడమరిచి చెప్పాను. ఆమె కండ్లు తుడుచుకొని నా మొఖంలోకి చూసింది. కానీ ఏడవకుంటే గండం పోదు కదా అని గుర్తొచ్చి, తండ్రి బాగు కోసం ఇంకొంచెంసేపు ఏడ్చింది. ఇక చాలమ్మా, గండం పోయి ఉంటది అని నేనే ఆపించాను.

తొమ్మిదింటి బస్సు పోయింది. పదకొండున్నర బస్సూ పోయింది. ఎట్లాగూ పోతున్నాం కదా అని అమ్మ తాతకిష్టమైన సర్వపిండి చేసింది. రెండింటి బస్సెక్కాం. అప్పట్లో బొగ్గుతో నడిచే బస్సు కదా, చిన్న ఎత్తు వస్తే చాలు ఆయాసపడేది. అమ్మ మాత్రం హుషారుగా ఉంది.

"ముసలాయనకు ఒక టోపీ కొనిస్తే ఈ కాకి పరేషాన్ ఖతమైతది కదరా" అన్నది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఐదింటికి కోదాడ పొలిమేరలో బస్సు ఆగింది. రోడ్డు వారన పాడె దించి ఉంది. శ్మశానానికి పోయే తొవ్వలో పాడె దించి, ఒకవేళ ప్రాణముంటే పలుకుతాడేమోనని పోయిన మనిషిని చెవిలో మూడుసార్లు పిలుస్తారే, ఆ దింపుడు కళ్లం. ఎవరో పాపం అన్నాను నేను. అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది.

అగ్గికుండ పట్టుకొని మా మామ నిలబడి ఉన్నాడు.

అక్క వస్తదని రెండు బస్సులకూ ఎదురుచూశారట. మిర్యాలగూడలో ఉన్న మా చిన్నమ్మ, సరైన బస్సు లేని తొవ్వన, వడ్ల లారీ పట్టుకొని మాకన్నా ముందే వచ్చేసిందట. తిన్నని రోడ్డు మీద ఉన్న మేమే రాలేదు. ఎండకు ఇక ఆపలేక లేపారట. మేం దిగాక మామ నా నెత్తి మీది గంప దిక్కు చూశాడు, అంతే.

ఆడవాళ్లు అక్కడికి రాకూడదని ఎవరో గొణిగారు.

"పిలువనియ్యుండ్రి. బిడ్డ కదా" అన్నాడు ఒక పెద్దాయన.

అమ్మ వంగి, తాత చెవి దగ్గర నోరుపెట్టి, నాయనా అని పిలిచింది. అరుగు మీదున్న మనిషిని పిలిచినట్టే పిలిచింది. మూడోసారి పిలిచాక జవాబు కోసం ఆగింది. ఎవరూ ఆమెను లేపలేదు. కాసేపటికి తనే లేచింది.

ఆ తర్వాత పది రోజులు నేను అమ్మ కంటపడకుండా తిరిగాను. నీళ్లు తోడాను, కట్టెలు మోశాను, పిలిస్తే దొడ్లోకి పోయాను. పదకొండోనాడు ఆమె దొడ్లోకే వచ్చి నా పక్కన కూర్చుంది.

"అందరికీ నాయన తెల్లారి ఐదింటికే పోయిండు. నాకు సాయంత్రం ఐదింటిదాక బతికే ఉండె. ఎన్ని గంటలైతయిరా?"

"పన్నెండు."

"మీ చిన్నమ్మకు దక్కినయా అవి?"

లెక్కలో తప్పెక్కడుందో వెతికాను, దొరకలేదు. బడిలో లెక్కల పంతులు కూడా అంతవరకు నా నోరు మూయించలేదు. పలక మొఖం చూడని మా అమ్మ మూయించింది.