పూర్వపక్షానికి ఎనిమిది పేజీలు

నా మొదటి వ్యాసాల పుస్తకం విషయసూచికలో మొదటి పంక్తి: "పూర్వపక్షం", చుక్కలు, చివర ఐదు. ఐదో పేజీ తీస్తే పైన ఆ శీర్షిక ఉంటుంది. కింద ఏమీ ఉండదు. పన్నెండో పేజీ దాకా ఏమీ ఉండదు. ప్రెస్సు వాళ్ల పొరపాటనుకుని ఇప్పటికీ ఎవరో ఒకరు పుస్తకం తెచ్చి చూపిస్తారు. పొరపాటు కాదు. ఆ ఎనిమిది పేజీలు నా మిత్రుడివి.

అతడు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో చెరుకు రసం తీపి కొలిచేవాడు. ఆదివారం బస్సెక్కి నిజామాబాద్ వచ్చేవాడు, నాతో వాదించడానికే. బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లం. అతని చొక్కాకు ఎంత ఉతికినా మొలాసిస్ మడ్డి వాసన పోయేది కాదు. ఏటా గానుగ మొదలయ్యే రోజు అతడు యంత్రాల ముందు కర్పూరం వెలిగించేవాడు. ఆవిరితో తిరిగి చెరుకు పిండే గిర్రలకు కర్పూరం దేనికని ఒకసారి ఎగతాళి చేశాను.

"కర్పూరంతోని తిరుగయని నాకు తెల్వదా? బాయిలరు పక్కనుండెటోన్ని."

"మరెందుకు ముట్టిస్తవ్?"

"సీజన్ల ఎవని చెయ్యి గిర్రల పడ్తదో తెల్వదు. గా భయం అందరికుంటది. నీ రాతల్ల గా భయానికి జాగ ఏడుంది? చాయ్ తాగుకుంట చెప్పు."

ఇంటికి వెళ్లి, గిర్రలకు ఇనుప జాలీ కట్టించండి, కర్పూరం దండగ అని తొమ్మిది పేజీల వ్యాసం రాశాను. మరుసటి ఆదివారం అతడు చదివి, "జవాబడిగితే ఉపన్యాసమిచ్చినవ్," అని కాగితాలు నా చేతిలో పెట్టాడు.

నాకు వాదించడం నేర్పిన సంస్కరణవాది పెద్దాయన ఒక నియమం పెట్టాడు. ఎదుటివాడి మాటను పూర్తి బలంతో ముందు వినిపించాలి, ఆ తర్వాతే మనది. పండితులు దాన్నే పూర్వపక్షం అంటారు. పుస్తకం వేద్దామనుకున్నప్పుడు మొదటి ఎనిమిది పేజీలు మిత్రుడికిచ్చాను. అప్పటికే అతనికి మహారాష్ట్రలో మరో ఫ్యాక్టరీలో కొలువు దొరికింది.

"ముందు నేను కొట్టాలె, ఎన్క నువ్వు కొట్టాలె. మంచిగుంది," అన్నాడు సామాన్లతో బస్సెక్కుతూ. "ఎనిమిదంటే ఎనిమిదే. ఒక్క పేజీ తక్కువైనా ఊకోను." నాందేడ్ బస్సు కదిలాక కిటికీలోంచి ఎనిమిది వేళ్లు చూపించాడు.

"రాస్తున్న, ఆగు," అని ఒక కార్డు వచ్చింది. ఆపై ఏమీ రాలేదు.

అవి తొంభైల చివరి రోజులు. పుస్తకం డీటీపీ సెంటర్‌లో తయారవుతోంది. పేజీలు కూర్చే అమ్మాయి ఇంట్లో తల్లీ అక్కా బీడీలు చుట్టేవారు. ఆమె వేళ్లలోనూ ఆ వేగమే. ప్రతి శీర్షికకూ ఒక గుర్తు పెట్టుకుంటూ వచ్చింది. ఆ గుర్తున్న వాటినన్నిటినీ పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామే ఏరి, పేజీ అంకెలతో సూచిక కడుతుందట. మొదటిసారి కట్టినప్పుడు నా శీర్షికలన్నీ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలై వచ్చాయి. నేను కంగారుపడ్డాను.

"ఆగుండ్రి సార్, ఫాంటు మార్తది గంతే," అని ఆమె తెలుగు ఫాంటు పెట్టింది. పేర్లు మొహం కడుక్కున్నట్టు లేచాయి. తర్వాత పేరుకూ అంకెకూ మధ్య చుక్కలు పరిచింది. అన్నిటికన్నా చిన్న పేరు పూర్వపక్షం. దాని చుక్కల వరుసే అన్నిటికన్నా పొడవు. తెర మీద ఆ వరుస వెంట నా చూపు పోతూనే ఉంది.

మిత్రుడికి రెండు ఉత్తరాలు రాశాను. రెండోది తిరిగొచ్చింది, ఆ చిరునామాలో మనిషి లేడని మరాఠీలో రాసి ఉంది. అది జేబులో పెట్టుకునే సెంటర్‌కు వెళ్లాను.

"ప్రెస్సోళ్లు పేజీలడుగుతున్నరు సార్. మీ దోస్తు రాస్తడా, రాయడా? తీసేద్దామంటే రెండు నిమిషాల పని. సూచిక మల్ల కొడ్త, ఐదుల మీ మొదటి వ్యాసమొస్తది."

"ఉండనియ్యమ్మ."

"ఉత్త పేజీలకు సూచికల పేరెట్ల ఏస్తరు? కంప్యూటరంటే ఎడ్డిది, హెడ్డింగుంటె సాలు, కింద ఏమన్న ఉందా అని సూడది. మీకు తెల్సు గద."

"రాస్తడు."

ఆమె మౌస్ వదిలి నా వైపు తిరిగింది. "సార్, మీ పుస్తకమంత నేనే కొట్టిన. రుజువు లేనిదేదీ నమ్మొద్దని నూరు పేజీలు రాసిండ్రు. మరి గిదేంది?"

సభల్లో పీఠాధిపతుల శిష్యులతో తలపడ్డాను. ఇంత సూటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"నమ్మకం కాదమ్మ. మాటిచ్చిన."

"ఇచ్చింది మీరు. రాయాల్సింది ఆయన," అంది. అయినా నా మొహం చూసి ప్రింటు కొట్టింది.

పుస్తకం వచ్చింది. అతని ప్రతి నా బీరువాలోనే ఉంది, పంపడానికి చిరునామా లేక. బస్సులో వెళ్తుంటే ఎక్కడ మొలాసిస్ వాసన తగిలినా ఇప్పటికీ తల తిప్పి చూస్తాను.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం ఆ ప్రతి తీసి, ఐదో పేజీలో పెన్సిల్‌తో అతని మాట నేనే రాయబోయాను. అతని వాదన నాకు కంఠతా వచ్చు గదా అనుకున్నాను. మూడు పంక్తులు రాసి చదువుకున్నాను. మూడో పంక్తిలో అతడు జాలీ కడితే చాలని ఒప్పుకుంటున్నాడు. అన్నేళ్ల ఆదివారాల్లో అతడు నాతో ఒక్క మాట కూడా ఒప్పుకోలేదు.

రబ్బరు తెచ్చి మూడూ చెరిపేశాను.