గడ్డి ఎవరి లెక్కలో రాయాలి?

బర్రెల షెడ్డు పెట్టుకుంటానని బ్యాంకు అప్పుకు తిరుగుతున్న మా కోడలు మొన్న ఒక ఫారం నా చేతిలో పెట్టి, మీ ఇంట్లో బర్రె ఉండేది కదా, మేత ఖర్చెంతో పాల రాబడెంతో రాసిపెట్టమంటే, పెన్ను పట్టుకుని కూర్చున్నానే గాని ఒక్క గడీ నింపలేకపోయాను. ఇంట్లో పాడి ఎరిగిన నా ఈడువాళ్లకు ఈ అవస్థ అర్థమవుతుంది.

నేను కిరాణా దుకాణంలో కొత్తగా గుమాస్తాగా చేరిన రోజుల్లో, నాయన మలక్‌పేట వైపు మూసీ ఒడ్డున కొంత జాగా కౌలుకు తీసుకుని పచ్చగడ్డి పెంచేవాడు. పొద్దున్నే కోసి, మోపులు సైకిల్‌కు కట్టుకుని, యాకుత్‌పురా గల్లీల్లో బర్రెలున్న ఇళ్లకు అమ్మేవాడు. మా వాకిట్లో అమ్మ బర్రె ఒకటుండేది. దానికో మోపు పడేసి, దాని పేడ ఎరువుకని గంపలో వేసుకుని మళ్లీ గడ్డి మడికి పోయేవాడు. ఆ మోపు కూడా అమ్ముకుంటే లాభం కదా అని నాయన, అమ్ముడుపోనివి కుళ్లకుండా తినేది నా బర్రే కదా అని అమ్మ, ఇంట్లో రోజూ ఇదే లొల్లి. చివరికి లెక్క తేల్చమని నన్ను కూర్చోబెట్టారు. కొత్త గుమాస్తాను కదా, నా తలపొగరు అంతా ఇంతా కాదు. గడ్డికి బజారు ధర కట్టి, బర్రె ఖర్చులో వేసి, పాలన్నీ నష్టమేనని తేల్చేశాను.

వారం తిరగకుండానే నాయన బర్రెను అమ్మేశాడు. పలుపు విప్పుతూ అమ్మ నా వైపు చూసి, "మరి పేడ యాడ రాసినవ్ బిడ్డా?" అంది. నేను ఎక్కడా రాయలేదు.

ఆ తర్వాత మోపులు మిగిలి కుళ్లాయి, మడికి ఎరువు కొన్నాం, నాయన దగ్గరే గడ్డి కొనే పక్కింటి చాచా దగ్గర పాలు కొనుక్కున్నాం. ఎవరికీ చెప్పకుండా ఆ లెక్క మళ్లీ వేశాను. పేడ కలిపితే లాభం, అమ్మ చాకిరీకి కూలి కడితే నష్టం, ఆ కూలి ఇంట్లోకే వస్తుంది కాబట్టి రాబడి అనుకుంటే మళ్లీ లాభం. నాకు పిచ్చెక్కినంత పనైంది. నాయన మాత్రం ఆ ఏడాది నుంచి పాలు లేని సులేమానీ చాయే తాగాడు. అది ఖర్చు తగ్గించడానికో, బర్రె మీద బెంగతోనో, ఆయన ఉన్నప్పుడు అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇప్పుడు ఆ ఒడ్డున మా మడి ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేను, పాలు ప్యాకెట్లలో గడపకే వస్తాయి. కోడలి ఫారం అటూ ఇటూ తిప్పి చూశాను, అందులోనూ పేడకు గడి లేదు. కింద ఖాళీలో నేనే ఒక గీత గీసి "పేడ" అని రాశాను. దాని ఎదురుగా వేసే అంకె ఇంకా తేలలేదు.